జోడెద్దుల కారు

పూర్వం పల్లెటూళ్ళలో పెళ్ళికో తీర్థానికో ఇంటిల్లిపాదీ బయలుదేరవలసి వస్తే గూడుబండి కట్టేవారు. బండిలో ఎండుగడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేసి, ముసలివాళ్ళను మధ్య కూర్చోబెట్టి, పిల్లలను సందుల్లో సర్దేవారు. బండికి రెండు ఎద్దులు. కుడివైపు కట్టేదాన్ని వలపలెద్దు అనీ, ఎడమవైపు కట్టేదాన్ని దాపలెద్దు అనీ అంటారు. రెండూ ఎంత ఈడుజోడుగా ఉన్నా వాటి గుణాలు ఒకటి కావు. ఒకటి నిలబడి ఉన్న బండిని మెడ వంచి ఒక్క ఊపున కదిలిస్తుంది. రెండోది, బండి కదిలిన తరవాత, అలుపు లేకుండా క్రోసుల తరబడి నడుస్తుంది. దేనిచేత ఎప్పుడు ఎంత పని చేయించాలో తెలియడంలోనే బండివాడి నేర్పంతా ఉన్నది.

ఇప్పుడు అట్లాంటి జోడును కట్టిన మోటారు కార్లు మన రోడ్ల మీద తిరుగుతున్నాయి. ఒక ఎద్దు పెట్రోలు తాగుతుంది, రెండోది విద్యుచ్ఛక్తి మేస్తుంది. వీటిని హైబ్రిడ్ కార్లు అంటారు. హైబ్రిడ్ అంటే సంకరం. సంకరజాతి మొక్కజొన్న గురించి మీరు వినే ఉంటారు. ఇది సంకరజాతి కారన్న మాట.

అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, తాతయ్య, నాయనమ్మ, మేనత్త — మొత్తం ఏడుగురు. అందరూ ఒకే బండిలో తిరుపతి వెళ్ళాలంటే మామూలు కారు చాలదు. ఏడుగురు కూర్చునే కార్లు మనకు కొత్త కాదు. బెంగుళూరు దగ్గర బిడదిలో ఉన్న టొయోటా కిర్లోస్కర్ కర్మాగారం నుంచి 2000లో క్వాలిస్ వచ్చింది. 2005లో దాని స్థానంలో ఇన్నోవా వచ్చింది, 2016లో ఇన్నోవా క్రిస్టా వచ్చింది. హైదరాబాదులోనూ విజయవాడలోనూ పెళ్ళివారికీ యాత్రికులకూ ఈ బళ్ళు ఎంత అలవాటై పోయినాయంటే, అద్దె కారు కావాలనడానికి బదులు కొందరు "ఇన్నోవా కావాలి" అనేస్తారు. 2022 నవంబరులో అదే కర్మాగారంవారు ఇన్నోవా హైక్రాస్ అనే బండిని చూపించారు. అందులో ఒట్టి పెట్రోలుతో నడిచే రకం ఒకటి ఉన్నది. జోడెద్దుల రకం మరొకటి. మన కథ ఆ రెండో దానిది.

ముందు దాని ఎద్దుల సంగతి చూద్దాం.

మొదటిది 1,987 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. దాని బలం 152 గుర్రాలు. రెండోది విద్యుత్ మోటారు, దాని బలం సుమారు 113 గుర్రాలు. రెండూ కలిపితే ఎంత? 265 అని మీరు అంటారు. లెక్క తప్పు లేదు. కాని కారు తయారు చేసినవారు మాత్రం రెండూ కలిసి 186 గుర్రాలు అంటున్నారు! తక్కిన 79 గుర్రాలు ఎక్కడికి పోయినాయి?

ఎక్కడికీ పోలేదు. విద్యుత్ మోటారుకు మేత రెండు చోట్ల నుంచి వస్తుంది. కొంత బ్యాటరీ నుంచి, కొంత పెట్రోలు ఇంజను తిప్పే జనరేటరు నుంచి. జనరేటరు ద్వారా వచ్చే భాగం నిజానికి ఇంజను బలమే. దాన్ని ఇంజను కింద ఒకసారి, మోటారు కింద ఇంకొకసారి లెక్క వేస్తే, ఒకే రూపాయిని రెండు జేబుల్లోనూ ఉన్నట్టు చెప్పుకోవడం అవుతుంది. బ్యాటరీ ఒక్కటే తిన్నగా ఇవ్వగలిగిన బలం కొద్దిపాటిది. అందుచేత మొత్తం 186 దగ్గర ఆగిపోయింది.

పెట్రోలు ఇంజనుకు ఒక బలహీనత ఉన్నది. నిలబడి ఉన్నప్పుడు దానికి సత్తువ లేదు. నిమిషానికి ఏడెనిమిది వందల సార్లయినా తిరుగుతూ ఉంటేనే అది బతికి ఉంటుంది. అందుకే మామూలు కారు చౌరస్తాలో ఎర్రదీపం దగ్గర ఆగినా ఇంజను గుర్రుగుర్రుమంటూ తిరుగుతూనే ఉంటుంది. ఒక్క అడుగు వెయ్యకుండా పెట్రోలు తాగేస్తుంది. విద్యుత్ మోటారు అట్లా కాదు. నిశ్చలంగా ఉన్న చోటి నుంచి, మొదటి క్షణంలోనే, దాని పూర్తి లాగుడు బలం చూపిస్తుంది. అది కదిలించే ఎద్దు, ఇది నడిచే ఎద్దు.

ఈ జోడు కుదిరింది గనక ఇంజను తయారు చేసేవారు ఒక తమాషా చెయ్యగలిగారు. 1882లో ఇంగ్లండులో జేమ్స్ అట్కిన్సన్ అనే ఇంజనీరు ఒక కొత్తరకం యంత్రాన్ని కల్పించాడు. మామూలు ఇంజనులో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని ముషలకం ఎంత దూరం నొక్కుతుందో, అది మండి వ్యాకోచించినప్పుడు అంతే దూరం వెనక్కు నెట్టబడుతుంది. అప్పటికింకా ఆ వేడి వాయువులో సత్తువ మిగిలే ఉంటుంది. పొగగొట్టం తెరుచుకోగానే అదంతా బుస్సుమని బయటికి పోతుంది. అట్కిన్సన్ యంత్రంలో నొక్కే దూరం తక్కువ, నెట్టే దూరం ఎక్కువ. చెరుకును ఒకసారి గానుగలో పెట్టి పారెయ్యకుండా, పిప్పిని మళ్ళీ పిండినట్టు, వాయువులోని శక్తిని ఇంకాస్త పిండుకుంటారు. ఇప్పటి ఇంజనులో దీన్ని ఇంకో విధంగా సాధిస్తారు. గాలి లోపలికి వచ్చే తలుపును కాస్త ఆలస్యంగా మూస్తారు. దానితో వచ్చిన గాలిలో కొంత వెనక్కు పోతుంది, నొక్కుడు తగ్గుతుంది.

అయితే ఇందులో ఒక నష్టం ఉన్నది. తక్కువ గాలి పీల్చిన ఇంజను తక్కువ బలం ఇస్తుంది, ముఖ్యంగా మెల్లిగా తిరిగేటప్పుడు. ఒంటెద్దు బండికి ఇట్లాంటి ఎద్దును కడితే బండివాడు ఏడుస్తాడు. పక్కన విద్యుత్ మోటారు ఉన్నది గనక చింత లేదు. ఇదే జాతికి చెందిన రెండు లీటర్ల హైబ్రిడ్ ఇంజనును 2018లో ప్రకటించినప్పుడు, పెట్రోలులోని వేడి శక్తిలో అత్యధికంగా నూటికి 41 వంతులు అది పనిగా మార్చగలదని టొయోటావారు చెప్పారు. నూటికి 41 వంతులేనా అని మీరు పెదవి విరవవచ్చు. రోడ్డు మీద తిరిగే పెట్రోలు ఇంజనులకు ఇది చాలా గొప్ప మార్కులు. తక్కినదంతా పొగలోనూ, రేడియేటరులోనూ వేడిగా పోతుంది.

ఇక రెండు ఎద్దులకూ కాడి ఏది?

ఈ కాడి చాలా విచిత్రమైనది. నడిమధ్య ఒక పళ్ళచక్రం ఉంటుంది, దాన్ని సూర్యుడంటారు. దాని చుట్టూ నాలుగు చిన్న పళ్ళచక్రాలు ఉంటాయి. అవి గ్రహాలు. గ్రహాలన్నిటినీ చుట్టి, లోపలివైపు పళ్ళు గల పెద్ద వలయం ఒకటి ఉంటుంది. గ్రహాలు తమ చుట్టూ తాము తిరుగుతూ సూర్యుడి చుట్టూ కూడా తిరుగుతాయి, మన భూమి లాగానే. గ్రహాలను పట్టుకుని ఉండే చట్రానికి పెట్రోలు ఇంజనును తగిలించారు. సూర్యుడికి జనరేటరును తగిలించారు. వలయానికి కారు చక్రాలు.

కారు ఆగి ఉన్నది, అంటే వలయం కదలడం లేదు, అనుకోండి. ఇంజను గ్రహాలను తిప్పితే సూర్యుడు గిర్రున తిరుగుతాడు. జనరేటరు పనిచేసి బ్యాటరీ నిండుతుంది. ఇంజను ఆగిపోయి, విద్యుత్ మోటారు కారును నడుపుతున్నదనుకోండి. అప్పుడు గ్రహాల చట్రం నిలబడి ఉంటుంది, వలయం ఒక దిక్కుకు, సూర్యుడు దానికి ఎదురు దిక్కుకూ తిరుగుతారు. రెండూ పనిచేస్తుంటే ఇంజను బలం కొంత జనరేటరుకూ, కొంత తిన్నగా చక్రాలకూ చీలిపోతుంది. ఎంతెంత? అది పళ్ళ లెక్క. ఈ పద్ధతితో మొదట వచ్చిన ప్రియస్ అనే కారులో సూర్యుడికి 30 పళ్ళు, వలయానికి 78. మొత్తం 108. ఇంజను తిప్పుడు బలంలో 108కి 30 వంతులు జనరేటరుకు, 78 వంతులు చక్రాలకు. అంటే నూటికి 28, 72 అన్నమాట. క్లచ్చి లేదు, ఒకటో గేరు రెండో గేరు అనే మెట్లు లేవు. వెనక్కు పోవడానికి వేరే గేరు కూడా అక్కరలేదు, విద్యుత్ మోటారును వెనక్కు తిప్పితే సరి. ఇంజనును మొదలుపెట్టడానికి వేరే స్టార్టరు కూడా లేదు. జనరేటరునే మోటారుగా వాడి సూర్యుడిని తిప్పితే ఇంజను లేస్తుంది. ఈ కారులో నాకు అన్నిటికన్నా వింతగా తోచేది ఈ చక్రాల అమరికే. కంప్యూటర్లు, తెరలు, దీపాలు ఎన్ని పెట్టినా, అసలు తెలివి ఈ గుప్పెడు పళ్ళచక్రాలలో ఉన్నది.

బండివాడు ఎవరంటే ఒక కంప్యూటరు. నాన్న కాలితో నొక్కేది "నాకు ఇంత వేగం కావాలి" అనే కోరిక మాత్రమే. ఆ కోరికను ఏ ఎద్దు చేత ఎంత తీర్చాలో కంప్యూటరు క్షణక్షణం తేల్చుకుంటుంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వద్దాం. విద్యుత్ ఎద్దుకు మేత ఎక్కడిది? ఈ కారును గోడకున్న ప్లగ్గుకు తగిలించరు. దాని మేత చాలావరకు దారిలోనే దొరుకుతుంది.

సైకిలు చక్రానికి ఆనించి దీపం వెలిగించే డైనమో ఒకటి ఉండేది. మీరు చూడకపోతే తాతయ్యనడగండి. డైనమో ఆనించగానే పెడలు బరువెక్కేది. దీపం ఉత్తినే వెలగదు, తొక్కేవాడి బలాన్ని కొంత లాక్కుని వెలుగుతుంది. కారును ఆపవలసి వచ్చినప్పుడు చేసేది సరిగ్గా ఇదే. విద్యుత్ మోటారుకు కరెంటు ఇవ్వడం మాని, దాన్నే డైనమోగా మారుస్తారు. చక్రాలు దాన్ని తిప్పాలి గనక కారు వేగం తగ్గుతుంది. పుట్టిన కరెంటు బ్యాటరీలోకి పోతుంది.

ఇందువల్ల లాభం ఎంతో లెక్క వేద్దాం. బండి, మనుషులు, సామాను కలిసి 2,000 కిలోలనుకోండి. గంటకు 72 కిలోమీటర్ల వేగం, అంటే సెకండుకు 20 మీటర్లు. ఆ వేగంలో కారులో ఉన్న చలనశక్తితో 10 వాట్ల బల్బును 11 గంటల పాటు వెలిగించవచ్చు! మామూలు కారులో ఒక గేదె అడ్డం వచ్చి బ్రేకు వేస్తే, ఈ శక్తి అంతా బ్రేకు బిళ్ళలలో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. గేదె వెళ్ళిన తరవాత మళ్ళీ పెట్రోలు తగలబెట్టి ఆ వేగాన్ని తెచ్చుకోవాలి. దారిలో ఎన్ని గేదెలు, ఎన్ని చౌరస్తాలు, ఎన్ని గతుకులున్నాయో మీకు తెలుసు. జోడెద్దుల కారు ఆ శక్తి మొత్తాన్నీ కాకపోయినా మంచి భాగాన్నే వెనక్కు తీసుకుంటుంది.

అందుకే ఒక విడ్డూరం జరుగుతుంది. మామూలు కారు ఊళ్ళో ఎక్కువ పెట్రోలు తాగుతుంది, నున్నని పెద్ద రోడ్డు మీద తక్కువ తాగుతుంది. హైబ్రిడ్ కారుకు ఊళ్ళోనే ఎక్కువ ఆదా. అమీర్‌పేటలో సాయంకాలం ఆగుతూ కదులుతూ పాకేటప్పుడు ఇంజను సగం సేపు నిద్రపోతుంది. చల్లగాలి యంత్రం కూడా కరెంటుతోనే తిరుగుతుంది గనక లోపలివాళ్ళకు ఉక్క పొయ్యదు. పెద్ద రోడ్డు మీద ఒకే వేగంతో గంటల తరబడి పోయేటప్పుడు మాత్రం బ్రేకు వేసే పని ఉండదు, దొరికే మేతా ఉండదు. అప్పుడు ఆదా తగ్గుతుంది. హైక్రాస్ హైబ్రిడ్ లీటరుకు 23.24 కిలోమీటర్లు పోతుందని పరీక్షలో తేలిన అంకె. ఆ పరీక్ష గదిలో దిమ్మెల మీద చక్రాలు తిప్పి చేసేది. ఏడుగురినీ, వాళ్ళ పెట్టెలనూ ఎక్కించుకుని, ఎండలో చల్లగాలి వేసుకుని పోతే అంత రాదు.

ఇంతకీ ఆ మేత దాచుకునే గాదె ఎంత పెద్దది? చాలా పెద్దదని మీరనుకుంటారు. సీట్ల కింద ఇమిడే ఈ బ్యాటరీలో 168 చిన్న ఘటాలున్నాయి. ఒక్కొక్కటి 1.2 వోల్టులు. గుణిస్తే 201.6 వోల్టులు. కాని అందులో పట్టే శక్తి మాత్రం రమారమి ఒక యూనిట్టూ, ఇంకొక యూనిట్టులో మూడో వంతూ. మీ ఇంటి కరెంటు బిల్లులో లెక్క కట్టే యూనిట్టే ఇది. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే ఆ బ్యాటరీ నిండా పట్టే శక్తి, మీరు పాలు తాగే ఒక చిన్న గ్లాసెడు పెట్రోలుకు సమానం! ఇంత చిన్న గాదెతో అంత లాభమా అంటే, దాని గొప్పతనం ఎంత పడుతుందన్న దానిలో లేదు, రోజుకు వందల సార్లు నిండి వందల సార్లు ఖర్చు కావడంలో ఉన్నది. ఇంట్లో చిల్లర డబ్బా లాంటిది. ఎక్కువ కాలం మన్నాలని దాన్ని అంచుదాకా నింపరు, అడుగంటా ఖాళీ చెయ్యరు. అందులోని పదార్థం నికెల్, ఒక లోహపు హైడ్రైడు. సెల్‌ఫోనులో ఉండే లిథియం రకం వేరు.

గాదె చిన్నది కావడం వల్ల ఒక చిక్కు కూడా ఉన్నది. అది ఘాట్ రోడ్డు మీద తెలుస్తుంది.

మన ఏడుగురూ తిరుమల వెళ్ళారు, దర్శనం అయింది, దిగుతున్నారు. ఎక్కడానికి 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు, దిగడానికి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. కొండకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 2,000 కిలోల బండి అంత ఎత్తు దిగితే 3.8 యూనిట్ల శక్తి బయటికి వస్తుంది. కొంత టైర్ల రాపిడికీ గాలికీ పోయినా, మిగిలినది ఆ చిన్న గాదెలో పట్టదు గాక పట్టదు. కొన్ని మలుపులు తిరిగేసరికి బ్యాటరీ నిండిపోతుంది. దిగుడులో మేస్తూ వచ్చిన ఎద్దుకు కడుపు నిండింది, ఇక ఒక్క పరక కూడా ముట్టదు. మరి బండిని ఆపేదెవరు?

ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. మామూలు కారయినా సరే, మలుపు మలుపుకూ బ్రేకు అదిమి పెట్టి దిగితే బ్రేకు బిళ్ళలు ఎర్రగా కాలిపోతాయి. బ్రేకు గొట్టాలలోని ద్రవం మరిగి, అందులో బుడగలు పుడతాయి. అప్పుడు బ్రేకు నొక్కితే దూది మీద కాలు వేసినట్టుంటుంది, బండి ఆగదు. అందుకే అనుభవం గల లారీ డ్రైవర్లు, ఏ గేరులో కొండ ఎక్కారో ఆ గేరులోనే దిగాలంటారు. పెట్రోలు ఇవ్వకుండా ఇంజను చేత తిప్పిస్తే, అది గాలిని నొక్కే పంపులాగా అడ్డుపడి బండిని పట్టి ఉంచుతుంది. జోడెద్దుల కారు కూడా బ్యాటరీ నిండగానే ఇదే పని చేస్తుంది. చుక్క పెట్రోలు పోయకుండా ఇంజనును గిరగిరా తిప్పుతుంది. అంతవరకు నిశ్శబ్దంగా వచ్చిన కారు ఒక్కసారి హోరుమంటుంది. తెలియనివారు ఏదో చెడిపోయిందని కంగారు పడతారు. ఏమీ చెడలేదు, వలపలెద్దు కాళ్ళు తన్ని పెట్టి బండిని వెనక్కు లాగుతున్నది. అయినా నడిపేవారు వేగం అదుపులో ఉంచుకోవాలి. రెండు ఎద్దులున్నాయి గదా అని కొండ మీద పందేలు వేసుకోకూడదు.

ఈ జోడు కట్టాలన్న ఆలోచన నిన్నటిది కాదు. వియన్నా నగరంలో ఫెర్డినాండ్ పోర్షే అనే యువకుడు బళ్ళు కట్టే లోనర్ కంపెనీలో పనిచేసేవాడు. చక్రాల లోపలే మోటార్లు పెట్టి అతను ఒక విద్యుత్ బండి తయారు చేశాడు. దాని సీసపు బ్యాటరీ బరువు 400 కిలోలకు పైగా ఉండేది! బండి బ్యాటరీని మోస్తున్నదో, బ్యాటరీ బండిని మోస్తున్నదో తెలియదు. అందుచేత 1900లో అతను బ్యాటరీని తగ్గించి, పెట్రోలు ఇంజనుతో తిరిగే జనరేటర్లను బండిలోనే పెట్టాడు. దానికి "ఎప్పుడూ జీవించేది" అనే అర్థం గల లాటిన్ పేరు, సెంపర్ వివస్, పెట్టాడు. అప్పటికి అతని వయసు ఇరవై అయిదు. బండి నడిచింది గాని ఖరీదెక్కువ, బరువెక్కువ. పెట్రోలు చౌకగా దొరికే రోజుల్లో అంత అవస్థ ఎవరికి కావాలి? ఆలోచన కార్లను వదిలి రైలు పట్టాలెక్కింది. డీజిలు రైలు ఇంజను మీరు చూసే ఉంటారు. అందులో డీజిలు యంత్రం చక్రాలను తిన్నగా తిప్పదు. జనరేటరును తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు చక్రాలను తిప్పుతాయి.

మళ్ళీ కార్లలోకి రావడానికి తొంభై అయిదేళ్ళు పైన పట్టింది. 1993లో జపానులో టొయోటా కంపెనీ, రాబోయే శతాబ్దానికి తగిన కారు ఎట్లా ఉండాలో ఆలోచించమని కొందరు ఇంజనీర్లను పురమాయించింది. తకేషి ఉచియమదా వారికి నాయకుడయినాడు. అంతకు ముందు అతని విద్య కార్లలో చప్పుడూ అదురూ తగ్గించడం. పెట్రోలు ఖర్చు సగానికి తగ్గాలని పైవారు పట్టు పట్టారు. మామూలు ఇంజనుతో అది సాధ్యం కాదని తేలింది, కనక జోడు కట్టక తప్పలేదు. 1995 చివర మొదటి నమూనా కారు తయారయింది. అందరూ చుట్టూ చేరారు. మీట నొక్కారు. కారు కదలలేదు. ఆ రోజు కదలలేదు, మర్నాడు కదలలేదు. తప్పు తీగల్లో ఉన్నదా, కంప్యూటరులో ఉన్నదా, చక్రాల్లో ఉన్నదా అని వెతుకుతూ 49 రోజులు గడిపారు. తీరా కదిలి, కొన్ని వందల మీటర్లు పోయి ఆగిపోయింది. అయినా రెండేళ్ళు తిరక్కుండానే, 1997 డిసెంబరులో, ప్రియస్ అనే పేరుతో అది జపానులో అమ్మకానికి వచ్చింది. సరిగ్గా అదే నెలలో అదే దేశంలో, క్యోటో నగరంలో, ప్రపంచ దేశాలవారు సమావేశమై, భూమిని వేడెక్కిస్తున్న వాయువులను తగ్గించాలని ఒడంబడిక రాసుకున్నారు.

మన దేశం వాడే ముడిచమురులో నూటికి ఎనభై వంతులకు పైగా పరాయి దేశాల నుంచి ఓడల్లో వస్తుంది. కనక లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ పోయినా మంచిదే. కాని ఒకటి మరవకూడదు. హైబ్రిడ్ కారు తక్కువ తాగుతుంది గాని, తాగేది పెట్రోలే. పొగ తగ్గుతుంది గాని పోదు. పొగే లేకుండా నడిచే ఒట్టి విద్యుత్ కారు వేరే ఉన్నది. దానికి గాదె చాలా పెద్దది కావాలి, దాన్ని దారిలో నింపుకునే చోట్లు కావాలి. హైబ్రిడ్ కారు ఖరీదు కూడా ఒట్టి పెట్రోలు కారు కన్నా ఎక్కువ. రోజూ ఊళ్ళో తిరిగేవారికి ఆ ఎక్కువ ఖరీదు కొంతకాలానికి తిరిగి రావచ్చు. ఏడాదికి రెండుసార్లు తిరుపతి వెళ్ళి, తక్కిన రోజులు కారును ఇంటి ముందు నిలిపేవారికి రాదు.

ఏడుగురికి చోటు ఎట్లా కుదిరిందో చెప్పలేదు గదూ! క్రిస్టా పొడవు 4,735 మిల్లీమీటర్లు, హైక్రాస్ పొడవు 4,755. తేడా 20 మిల్లీమీటర్లే, అంటే రెండు వేళ్ళ వెడల్పు కూడా లేదు. కాని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2,750 నుంచి 2,850 అయింది. వంద మిల్లీమీటర్లు! పాత బండిలో ఇంజను నిలువుగా ఉండేది. దాని బలం బండి అడుగున పొడుగాటి ఇరుసు ద్వారా వెనక చక్రాలకు పోయేది. వీటన్నిటినీ మొయ్యడానికి అడుగున నిచ్చెన లాంటి లావాటి ఉక్కు చట్రం ఉండేది. కొత్త దానిలో ఇంజను అడ్డంగా పడుకున్నది, ముందు చక్రాలే బండిని లాగుతాయి, పొడుగు ఇరుసు లేదు, నిచ్చెన చట్రమూ లేదు. గుడ్డుకు పెంకే బలమైనట్టు, బండి డొల్లే దాని బలం. మిగిలిన చోటంతా మనుషుల కాళ్ళకు దక్కింది. ముందు ఇద్దరు, మధ్య వేరు వేరు కుర్చీల్లో ఇద్దరు, వెనక ముగ్గురు. దీన్ని చూడడానికి కొండలెక్కే ఎస్.యు.వి. లాగా మలిచారు గాని, జీపు లాగా వాగులూ బురదలూ దాటడానికి చేసింది కాదు. ఇది కుటుంబం బండి. అన్నట్టు, మూడో వరసలో ముగ్గురు కూర్చుంటే వెనక సామానుకు చోటు కొద్దిగానే మిగులుతుంది. నాయనమ్మ ఆవకాయ జాడీలు ముందే లెక్క చూసుకోవాలి.

ఏడు సీట్లు అంటే ఏడుగురు. "పిల్లవాడే గదా, ఒళ్ళో కూర్చుంటాడు" అని ఎనిమిదో వాడిని ఎక్కించడం మనవాళ్ళకు అలవాటు. 20 కిలోల పిల్లవాడు తాతయ్య ఒళ్ళో ఉన్నాడు, కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంలో దేన్నో గుద్దుకుని అరమీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి. ఆ క్షణంలో పిల్లవాడిని పట్టి ఆపడానికి కావలసిన బలం, 800 కిలోల బరువును ఎత్తి పట్టుకోవడానికి కావలసినంత. ఏ తాతయ్య చేతులకు అంత బలం ఉన్నది? అందుకే వెనక వరసలో కూర్చున్నా ఎవరి పట్టీ వారు బిగించుకోవాలి. చిన్నపిల్లలకు వారి సైజుకు తగిన వేరే కుర్చీ బిగించాలి.

వీధిలో ఆడుకునే పిల్లలకు ఇంకొక మాట. ఇన్నాళ్ళూ కారు వస్తున్నదని చెవులే మనకు చెప్పేవి. జోడెద్దుల కారు మెల్లిగా వచ్చేటప్పుడు, ముఖ్యంగా వెనక్కు వచ్చేటప్పుడు, ఇంజను నిద్రపోతూ ఉంటుంది. టైరు కింద ఇసుక నలిగే చప్పుడు తప్ప ఏమీ వినపడదు. చూపులేనివారికి ఇది మరీ ప్రమాదం. అందుకే ఐరోపా సమాఖ్యలో 2021 జులై నుంచి కొత్తగా అమ్మే హైబ్రిడ్, విద్యుత్ కార్లన్నీ మెల్లిగా పోయేటప్పుడు కావాలని ఒక చప్పుడు చెయ్యాలని చట్టం పెట్టారు. చప్పుడు తగ్గించడం ఉచియమదా విద్య అని చెప్పాను గదా. ఆయన చేసిన కారుకు చివరికి చప్పుడు అతికించవలసి వచ్చింది!

ఎప్పుడైనా మీరు ఈ కారెక్కితే ముందు తెర మీద ఒక బొమ్మ కోసం చూడండి. ఇంజను, బ్యాటరీ, చక్రాలు, వాటి మధ్య కదిలే బాణాలు ఉంటాయి. కారు బయలుదేరేటప్పుడు బాణం బ్యాటరీ నుంచి చక్రాలకు పోతుంది. నాన్న బ్రేకు వెయ్యగానే అది వెనక్కు తిరిగి చక్రాల నుంచి బ్యాటరీకి పోతుంది. కొండ దిగేటప్పుడు ఎన్నో మలుపు దగ్గర ఆ బాణం ఆగి, ఇంజను హోరు మొదలయిందో లెక్క పెట్టండి. వెనక సీటులో కూర్చున్నవారికి తెర కనపడదు గనక ముందున్నవారు పైకి చెప్పాలి.